బిడ్డకు పేరు: ముందు తెలుగులో రాయండి, తర్వాతే ఇంగ్లీషులో

పేర్ల జాబితాలకు కొదవ లేదు. ఫోన్ తెరిస్తే వేలకొద్దీ కనిపిస్తాయి. చిక్కల్లా అవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటమే. అక్కడ చదివి మళ్లీ తెలుగులోకి తిప్పుకునేసరికి ఆద్య కాస్తా ఆధ్య అవుతుంది, దేవాంశ్ దేవాన్ష్ అవుతాడు, ధ్రువ ధృవ అవుతాడు. ఆద్య అంటే మొదటిది, ఆదిశక్తి. ఆధ్యకు అర్థం లేదు. అంశ అంటే భాగం, 'అన్ష' అంటే ఏమీ కాదు. కాబట్టి ఏ పేరు నచ్చినా ముందు కాగితం మీద తెలుగులో, ఒత్తులూ దీర్ఘాలతో సహా రాసుకోండి. ఏ ఒత్తు పెట్టాలో తేలడం లేదంటే ఆ పేరు సంగతి మీకింకా పూర్తిగా తెలియదన్నమాట.

పురిటికి ముందే చేయాల్సినవి

ఏడో నెలలో మొదలుపెడితే తీరిక ఉంటుంది. పుట్టేది ఎవరో ముందుగా తెలుసుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కనుక ఆడపిల్లకో జాబితా, మగపిల్లాడికో జాబితా ఎలాగూ కావాలి. ఒక్కో దాంట్లో పది, పన్నెండు పేర్లు చాలు. నక్షత్రం అక్షరం పాటించే ఇల్లయితే పేర్లను మొదటి అక్షరాన్ని బట్టి రాసుకోండి. అక్షరం ఏదొస్తుందో పుట్టేదాకా తెలియదు కాబట్టి అన్నీ 'ఆ'తోనో 'శ్రీ'తోనో ఉన్న జాబితా అప్పుడు అక్కరకు రాదు.

ఈలోగా రెండు వైపుల పెద్దవాళ్లనూ ఓ మాట అడగండి. తాతగారి పేరు కలపాలా, ఏ దేవుడికైనా మొక్కు ఉందా? ఈ మొక్కు సంగతి చాలా ఇళ్లలో సరిగ్గా బారసాల పీటల మీదే బయటపడుతుంది. యాదగిరిగుట్ట మొక్కయితే యాదగిరి, వేములవాడదైతే రాజన్న, కొమురవెల్లిదైతే కొమురయ్య, సింహాచలందైతే అప్పన్న, అన్నవరందైతే సత్యనారాయణ, కోటప్పకొండదైతే కోటేశ్వరరావు, పెంచలకోనదైతే పెంచలయ్య, పుట్టలో పాలు పోసిన మొక్కయితే నాగ. ఊరి దేవుణ్ని బట్టి పెట్టిన పేరు వింటే మనిషిది ఏ ప్రాంతమో తెలిసిపోయేది. ఇప్పటివాళ్లకు ఈ పేర్లు పాతగా అనిపిస్తే అదే దేవుడికి ఉన్న మరో పేరు వెతకండి. సుబ్బారావు తాత పేరు నిలపడానికి షణ్ముఖ, స్కంద, కార్తికేయ ఉన్నాయి. ముగ్గురూ ఆ సుబ్రహ్మణ్యుడే. సీతమ్మ నానమ్మకు మైథిలి, వైదేహి, జానకి, భూమిజ. ఆంజనేయులుకు మారుతి, హనుమ. వెంకటేశ్వర్లుకు శ్రీనివాస్. పెద్దల పేరు నిలుస్తుంది, బిడ్డకు సొంత పేరూ ఉంటుంది. తాత పేరులోంచి మొదటి అక్షరం ఒక్కటి తీసుకుని 'ఆయన పేరే పెట్టాం' అనడం మాత్రం పెద్దాయన్ని మభ్యపెట్టడమే.

నక్షత్రం అక్షరం

ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చు, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. స్వాతికి రూ, రే, రో, తా. అనూరాధకు నా, నీ, నూ, నే. రేవతికి దే, దో, చా, చీ. మిగతావి ఏ పంచాంగంలోనైనా దొరుకుతాయి. పంచాంగాన్ని బట్టి ఒకటీ అరా అక్షరం తేడా ఉండొచ్చు. హ్రస్వమా దీర్ఘమా అని ఎవరూ పట్టుబట్టరు. మా పాదానికి మహతి సరిపోతుంది, రూ పాదానికి రుక్మిణి సరిపోతుంది.

చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. పాదం మారే వేళకు పుట్టిన బిడ్డకు పది నిమిషాల తేడాతో అక్షరం మారిపోతుంది. అందుకే డిశ్చార్జి కాగితంలో పడే సమయం కోసం ఆగకుండా, పుట్టిన నిమిషాన్ని కాన్పు గదిలోని నర్సును అడిగి అప్పుడే రాసిపెట్టుకోవాలి.

పరదేశంలో పుట్టిన పిల్లల విషయంలో తరచూ జరిగే పొరపాటు, అక్కడి గడియారం టైముతో ఇక్కడి పంచాంగం చూడటం. చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నది ఆ క్షణానికి లోకమంతటికీ ఒకటే. కాబట్టి పుట్టిన సమయాన్ని భారత కాలమానానికి మార్చి చూడాలి. న్యూజెర్సీ సమయానికి వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు కలపాలి. డాలస్ అయితే పదిన్నర, పదకొండున్నర. కాలిఫోర్నియా అయితే పన్నెండున్నర, పదమూడున్నర. జులైలో డాలస్‌లో రాత్రి 8 గంటలకు పుడితే ఇక్కడ మర్నాడు ఉదయం 6.30. ఆ మర్నాటి తేదీ కిందే నక్షత్రం చూడాలి.

కొన్ని పాదాలకు పేర్లు దొరకవు. ఆరుద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ, నాలుగో పాదానికి ఠ. ఙతో ఎవరు మాత్రం ఏం పేరు పెడతారు! ఇలాంటప్పుడు అదే నక్షత్రంలోని మరో పాదం అక్షరం తీసుకోమని పురోహితులే చెబుతారు. ఆరుద్రలో కు ఉంది, హస్తలో పూ, ష ఉన్నాయి. రెండో దారి ఇంకా సులువు. నక్షత్రం అక్షరంతో వచ్చే పేరును జన్మనామంగా చెవిలో చెప్పి ఊరుకుంటారు, లోకం పిలిచే వ్యవహార నామం నచ్చింది పెట్టుకుంటారు. అక్షరం కోసం అర్థం లేని పేరు అతికించడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే గృహ్యసూత్రాల లెక్క మరొకటి ఉంది: మగపిల్లాడి పేరు సరి అక్షరాల్లో, ఆడపిల్ల పేరు బేసి అక్షరాల్లో ఉండాలి. రామ రెండు, నచికేత నాలుగు. జాహ్నవి మూడు. పట్టింపు ఉంటే పాటించండి, లేకపోతే దీని కోసం నచ్చిన పేరు వదులుకోనక్కర్లేదు.

అర్థం చూసే పద్ధతి

పేర్ల సైట్లు రాసే అర్థాల్లో సగం ఎవరో ఊహించినవే. ఆరవ్ అంటే ప్రశాంతత అని రాస్తారు. నిఘంటువు తీస్తే ఆరవం అంటే ధ్వని, కేక. రాత్రిళ్లు నిద్రపోనివ్వని పసివాడికి నప్పే అర్థం నిజానికి ఇదే! సాన్వికి లక్ష్మీదేవి అని అర్థం చెబుతారు, సంస్కృత నిఘంటువుల్లో ఆ మాటే కనబడదు. కియారా కూడా సంస్కృతం కాదు. వినసొంపుగా ఉందని పెట్టుకుంటే తప్పేమీ లేదు. కానీ అర్థం చూసి పెట్టామని మాత్రం అనుకోవద్దు.

ఆంధ్రభారతి సైట్‌లో పాత తెలుగు నిఘంటువులెన్నో ఒకేచోట వెతకొచ్చు. పేరును ఉన్నదున్నట్టు కొడితే ఒక్కోసారి దొరకదు. చివర 'ము' చేర్చి చూడండి. అర్ణవ్ దొరకదు, అర్ణవము దొరుకుతుంది, సముద్రం అని అర్థం. ప్రణవ్‌కు ప్రణవము, ఓంకారం. మగపేర్ల చివర పొల్లు తీసేసి 'డు' పెట్టి కూడా చూడాలి. అనిరుద్ధుడు అని కొడితే అడ్డగింపబడనివాడు అన్న అర్థం వస్తుంది. ఋత్విక్ కోసమైతే ఋత్విజుడు అనో ఋత్విక్కు అనో వెతకాలి. యజ్ఞం చేయించేవాడు అని వస్తుంది.

ఆడపిల్లల పేర్లలో ఎక్కువగా జరిగే వ్యాకరణ దోషం ఒకటుంది. యశస్వి, మనస్వి, తపస్వి, తేజస్వి పుంలింగ రూపాలు. ఆడపిల్లకైతే యశస్విని, మనస్విని, తపస్విని, తేజస్విని అనాలి. ఆ చివరి 'ని' బరువనిపించి కోసేస్తున్నారు. కోసిన పేరే బాగుందనుకుంటే సరే, పెట్టుకోండి. బడి రిజిస్టర్లో మగపిల్లల వరసలో రాసేస్తే మాత్రం గుమాస్తాను తప్పుపట్టడానికి లేదు.

ధృతి, ధ్రువ పక్కపక్కన పెట్టి చూడండి. ధృతిలో ఉన్నది ఋ. నిలకడ, ధైర్యం అని అర్థం. ధ్రువలో ఉన్నది ర వత్తు, ఉ కారం. స్థిరమైనది అని అర్థం. రెంటికీ అర్థం దగ్గరే కానీ రాత వేరు. సాత్విక్ అని రాసే పేరులో నిజానికి రెండు తకారాలున్నాయి, సాత్త్విక. నీహారికలో మొదటి అక్షరం దీర్ఘం, మంచుతెర అని అర్థం.

అర్థం తేలాక కూడా ఒక పని మిగులుతుంది. సంస్కృతంలో ఎంత గొప్పగా ఉన్నా వాడుక తెలుగులో ఆ మాట ఎలా పలుకుతుందో చూడాలి. లౌక్య అనగానే మనకు గుర్తొచ్చేది నేర్పుగా మాట దాటేయడం. వేదిక అనగానే సభలో కుర్చీలు వేసే చోటు. అది విని ఎవరైనా నవ్వినా మీకు పట్టకపోతే ఇబ్బంది లేదు.

పిలిచి చూడండి

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మనమే తగిలిస్తాం. చరణ్ చరణు అవుతాడు, విహాన్ విహాను అవుతాడు. అందుకే కాగితం మీద బాగున్న పేరు విభక్తులతో కలిపి పలకాలి. 'దేవాంశ్‌కి అన్నం పెట్టావా', 'శ్రేయాంశ్‌ని తీసుకురా' అని గబగబా నాలుగుసార్లు అనండి. నాలుక తడబడితే ఇంట్లో ఆ పేరు నెల తిరక్కుండా 'దేవు' అయిపోతుంది. ఈ లెక్కన అచ్చుతో ముగిసే పేర్లు మనకు హాయి: ధ్రువ, చైతన్య, అమేయ, మారుతి, సాత్యకి.

ఏ పేరైనా ఇంట్లో రెండక్షరాలకు కుదించుకుపోతుంది. ఆ రెండక్షరాలు ఏమవుతాయో ముందే చూసుకుంటే మంచిది. హర్షవర్ధన్ హర్ష అవుతాడు, బాగుంది. కుదింపు నచ్చకపోతే ఇప్పుడే వదిలేయండి. ముద్దుపేరు మనం ఎంచుకునేది కాదు, మేనమామలూ పక్కింటివాళ్లూ ఎంచుకునేది.

ఇంటిపేరుతో కలిపి చదవడం మరువొద్దు. నక్కా ఇంటిపేరున్నవాళ్లు వినయ్ అని పెడితే 'నక్క వినయం' అని బళ్లో ఏడిపించడానికి పిల్లలకు ఇంకేం కావాలి? కాకి వారింట మాధురి, కోకిల కూడా అంతే. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తే బడిలో ఎలా పిలుస్తారో అదీ చూడాలి.

ఇంట్లో యాపిల్ ఫోన్లుంటే సిరి అన్న పేరుతో తంటా ఉంది. చక్కటి తెలుగు పేరే. కానీ 2011లో యాపిల్ అదే పేరుతో మాటల సహాయకురాలిని తెచ్చింది. 2023 నుంచి కొత్త ఫోన్లలో 'హే' అనకుండా ఉత్త 'సిరి' అన్నా పలికే ఏర్పాటు వచ్చింది. కూతుర్ని పిలిస్తే ఫోను లేస్తుంది. సెట్టింగుల్లో ఆ పిలుపు ఆపుకోవచ్చు, లేదా సిరివెన్నెల, సిరిచందన అని పొడిగించుకోవచ్చు.

ఇంగ్లీషులో రాయడం

తెలుగు రాత తేలాకే ఇక్కడికి రావాలి. మనకు త అంటే టి హెచ్. లత, స్వాతి, గీత పేర్లలో హెచ్ పెట్టేది అందుకే, పెట్టకపోతే ట అని చదువుతారని. ఉత్తరాదివాళ్లకు టి ఒక్కటే త, టి హెచ్ అంటే థ. కనుక ఢిల్లీలో మన స్వాతిని 'స్వాథి' అంటారు. ఆద్యకు డి పక్కన హెచ్ చేర్చేదీ ఈ భయంతోనే. లేకపోతే 'ఆడ్య' అంటారని. చేర్చాక చదివినవాళ్లు ఆధ్య అంటారు, తర్వాత మనమూ తెలుగులో అలాగే రాసేస్తాం. రెండింటిలో ఏదైనా ఎంచుకోండి, కానీ ఇంట్లో అందరి పేర్లకూ ఒకే పద్ధతి ఉండాలి. ప్రజ్ఞ, మోక్షజ్ఞ పేర్లలో జ్ఞ మరీ చిక్కు. జె ఎన్, జి ఎన్, జి వై మూడూ వాడుకలో ఉన్నాయి. మనం పలికేదానికి దగ్గరిది జి ఎన్.

హర్షిత్, రక్షిత్, దీక్షిత్, నిషిత పేర్లు ఇంగ్లీషు మాట్లాడే దేశంలో పెరిగే పిల్లలకు వద్దు. ఆ పేర్లలో షి, త అక్షరాల దగ్గర ఇంగ్లీషు బూతు మాట కళ్లకు కొట్టినట్టు కనబడుతుంది. హెచ్ చేర్చినా బడిపిల్లలు వదలరు. హర్షిత్ బదులు హర్ష, రక్షిత్ బదులు రక్షణ్ అంటే సరిపోతుంది.

సంఖ్యాశాస్త్రం నమ్మేవాళ్లు అదనపు ఈలూ ఏలూ చేర్చాలనుకుంటే జనన ధ్రువపత్రం తీసుకోకముందే చేర్చాలి. మూడేళ్ల తర్వాత జ్యోతిష్కుడు చెప్పాడని ఒక అక్షరం కలిపితే బర్త్ సర్టిఫికెట్ ఒక రకంగా, ఆధార్ మరో రకంగా, బడి రికార్డు ఇంకో రకంగా తయారవుతాయి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు.

ఎన్ని ముక్కలు, ఏ గడిలో

పాస్‌పోర్టు ఫారంలో రెండు గడులు: ఇంటిపేరు, పెట్టిన పేరు. మనవాళ్లు ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసుకోవడం అలవాటు కాబట్టి కొందరు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. దాంతో అమెరికా వీసాలో బిడ్డ పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడి లైసెన్సు నుంచి బ్యాంకు కార్డు దాకా అదే పేరుగా చెలామణీ అయిపోతుంది. 2022 నవంబరులో యూఏఈ కూడా ఒంటి పేరు పాస్‌పోర్టులతో విజిట్, టూరిస్టు వీసాల మీద రావడాన్ని ఆపేసింది. కాబట్టి జనన ధ్రువపత్రంలోనే ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

పెట్టిన పేరు ఒక మాట, మహా అయితే రెండు మాటలు. వెంకట నాగ సాయి సత్య అని నాలుగు మొక్కులూ వరసగా పేర్చితే చోటు చాలదు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరసలో పేరంతటికీ ఉండేది 39 గళ్లే. మాటల మధ్య ఖాళీలు కూడా అందులోనే. అమెరికా సోషల్ సెక్యూరిటీ కార్డు మీద మొదటి, మధ్య పేర్లకు కలిపి 26 అక్షరాలు. 'సాయి' వేరే మాటగా రాస్తే విదేశంలో మీ అబ్బాయి అందరికీ సాయే. అసలు పేరు మధ్యపేరుగా మరుగున పడుతుంది. కలిపి రాయిస్తే ఆ బెడద లేదు. ముస్లింల ఇళ్లలో అబ్దుల్ రహ్మాన్ లాంటి పేర్లకూ ఇదే జాగ్రత్త. విడదీస్తే బడిలో ఉత్త 'అబ్దుల్' అవుతాడు, అది సగం మాటే. 'రహ్మాన్' అని మాత్రమే పిలిస్తే అది దేవుడి నామం కనుక పెద్దలు ఒప్పుకోరు. అబ్దుర్రహ్మాన్ అని కలిపి రాయడమే మేలు. క్రైస్తవులైతే బాప్తిస్మంలో పెట్టే పేరూ సర్టిఫికెట్ పేరూ ఒకటే ఉండేలా పాస్టరుకు ముందే రాసివ్వాలి.

కవలలకు ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు ముచ్చటే. కానీ ఇంటిపేరు, పుట్టిన తేదీ, మొదటి అక్షరం మూడూ ఒకటైతే టీకాల కార్డు దగ్గర్నుంచి టికెట్ల దాకా ఒకరిది ఇంకొకరికి పడుతుంది. ప్రాసే కావాలంటే చివర్లో కలపండి: మైథిలి, అంజలి లాగా.

ఇంకా పాతబడని కొన్ని పేర్లు

ఆడపిల్లలకు మన నదులే పెద్ద నిధి. గౌతమి అంటే గోదావరి, కృష్ణవేణి, పెన్నకు పినాకిని, మంజీర, నాగావళి, వంశధార, శబరి. మంజీరానికి కాలి అందె అని కూడా అర్థం. రాగాల్లో రంజని, ఆభేరి, కల్యాణి, మోహన. మేధ అంటే ఉత్త తెలివి కాదు, విన్నది నిలుపుకునే బుద్ధి. మహతి నారదుడి వీణ. అపర్ణ, తపస్సులో ఆకులు కూడా మానేసిన పార్వతి. అచ్చతెలుగులో వెన్నెల, జాబిలి, మొల్ల. కవయిత్రి మొల్ల పేరు ఒక పువ్వుదే. రెండక్షరాలు, ఏ దేశంలోనైనా నోరు తిరుగుతుంది, ఎందుకో ఎవరూ పెట్టుకోరు.

మగపిల్లలకు నచికేత, కఠోపనిషత్తులో యముణ్ని ప్రశ్నించిన పిల్లాడు. సవ్యసాచి, రెండు చేతులతోనూ బాణం వేయగల అర్జునుడు. సాత్యకి, కౌశిక్, భార్గవ్, అమేయ, చైతన్య, తిక్కన.

నమోదు, బారసాల

జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే సమాచారం వాళ్లే పంపుతారు. పేరు తేలలేదని నమోదు ఆపొద్దు. పేరు గడి ఖాళీగా ఉంచి నమోదు చేయించుకోవచ్చు, 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకునే వీలుంది. ఆసుపత్రి ఫారంలో తొందరపడి తాత్కాలికంగా ఏదో రాసివ్వడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఖాళీ గడిలో పేరు చేర్చడం తేలిక, ఉన్న పేరు మార్చడం తలనొప్పి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అమెరికాలో అయితే ఇంత వెసులుబాటు దొరకదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేలోపే జనన పత్రం కాగితం నింపమంటారు, కనుక అక్కడివాళ్లు బారసాల దాకా ఆగకుండా పేరు ముందే తేల్చుకోవాలి. ఇంగ్లండులో 42 రోజుల గడువుంది.

పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల. తెలంగాణలో తొట్టెల అంటారు. పళ్లెంలో బియ్యం వేలెడు మందాన పరవాలి. పలచగా ఉంటే ఉంగరం పళ్లాన్ని గీరుతుంది, మరీ మందమైతే గింజలు జారి గీత పూడిపోతుంది. తండ్రి బంగారు ఉంగరంతో గానీ పసుపు కొమ్ముతో గానీ రాస్తాడు. ఒత్తులు, గుణింతాలు పట్టేలా పెద్ద అక్షరాలు రాయాలంటే పళ్లెం వెడల్పుగా ఉండాలి. పురోహితుడికి పేరు నోటితో చెప్పి వదిలేయకుండా తెలుగులో రాసిన చీటీ ఇవ్వండి. తండ్రి చేతిలోనూ అదే చీటీ ఉండాలి, పీటల మీద తడబడి ధ్రువను ధృవ చేసేది ఆయనే. బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాక ఆ చీటీ పారేయకండి. మర్నాడు మున్సిపాలిటీకో సచివాలయానికో మీసేవకో పట్టుకెళ్లేదీ అదే. దాని కిందే ఇంగ్లీషు స్పెల్లింగు రాసి, తెర మీద ఆపరేటరు కొట్టిన తెలుగునూ ఇంగ్లీషునూ అక్షరం అక్షరం సరిచూసి, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయని చూసుకున్నాకే సరేననండి.